ఆడపిల్లల ఆటను ఆటగానే చూపించండి

మహిళల ఫుట్‌బాల్ టోర్నమెంట్లను ప్రసారం చేసే టీవీ సంస్థల అధిపతులకు, నిర్మాతలకు, కామెంటేటర్లకు, స్టూడియోలో కూర్చునే విశ్లేషకులకు ఒక ప్రేక్షకురాలి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. 2023 ప్రపంచ కప్ ముగిసిన వారంలోనే, ఆ మ్యాచ్‌లను మాకు చూపించిన ఒక ప్రసార సంస్థకు ఉత్తరం రాశాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అంటూ రెండు వాక్యాల జవాబు వచ్చింది. అది మనిషి రాసింది కాదని చూడగానే తెలిసిపోయింది. 2025 యూరో కప్ తర్వాత మళ్ళీ రాశాను. ఈసారి ఏ మ్యాచ్‌లో ఏ నిమిషానికి ఏ మాట అన్నారో కూడా రాసి పంపాను. దానికి ఆ రెండు వాక్యాలు కూడా రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఏదో ఒక్క సంస్థను నిలదీయాలని కాదు. ఈ పొరపాట్లు ఒక్కచోటే జరుగుతున్నవి కావు.

మీరు చేసిన మంచిని మరిచిపోలేదు. ఒకప్పుడు ఈ మ్యాచ్‌ల స్కోరు కోసం మర్నాడు పేపర్లో మూలన వెతుక్కునేవాళ్ళం. ఇప్పుడు ప్రతి మ్యాచ్ ఇంట్లో కూర్చుని చూస్తున్నాం. అందుకు కృతజ్ఞతలు. తర్వాతి ప్రపంచ కప్ 2027 జూన్ 24న బ్రెజిల్‌లో మొదలవుతుంది. ఆలోపు సరిచేయాల్సినవి ఇవి.

1. బంతి ఎవరి దగ్గరుందో చెప్పండి.

మా అమ్మకు చూపు దాదాపు పోయింది. ఫుట్‌బాల్ అంటే మాత్రం ఆమెకు ప్రాణం. టీవీ ముందు కూర్చుంటుంది కానీ, ఆమెకు మ్యాచ్ అంటే మీ గొంతే. 2023 ఆగస్టు 6న అమెరికా, స్వీడన్ మ్యాచ్ ఎటూ తేలక పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్ళింది. లీనా హర్టిగ్ కొట్టిన బంతిని అమెరికా గోల్‌కీపర్ అలిసా నేహర్ చేత్తో అడ్డుకుంది. బంతి గాల్లోకి లేచి గోల్ వైపే తిరిగింది. ఆమె మళ్ళీ అందుకుని బయటకు తోసింది. గీత దాటిందా లేదా అన్నది గోల్‌లైన్ టెక్నాలజీ తేల్చాలి. మిల్లీమీటర్ల తేడాతో దాటిందని తేలింది, అమెరికా ఇంటిదారి పట్టింది. ఇదంతా నేను కళ్ళతో చూశాను కాబట్టి తెలిసింది. మా టీవీలో వినిపించింది "అబ్బ! నమ్మలేం! నమ్మలేం!" అన్న అరుపులే. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఏమైందే? ఆపిందా, ఆపలేదా?" అని అడుగుతూనే ఉంది.

చూపు లేనివాళ్ళే కాదు, వంటింట్లో పని చేసుకుంటూ వినేవాళ్ళున్నారు, పసిపిల్లను ఒళ్ళో వేసుకుని చిన్న ఫోన్‌లో చూసేవాళ్ళున్నారు. బంతి ఎవరి దగ్గరుంది, ఎటు వెళ్తోంది అన్న కనీస సమాచారం వీళ్ళందరికీ కావాలి. ఆ సమాచారం ఇవ్వాలంటే ముందు మీకు ఆటగాళ్ళ పేర్లు తెలియాలి. పెద్ద జట్లలో నలుగురైదుగురు స్టార్ల పేర్లు చెప్పి, మిగతావాళ్ళను నంబర్లతో, జడలతో, జెర్సీ రంగులతో నెట్టుకొస్తున్నారు. 2023లో 32 జట్లు ఆడితే అందులో ఎనిమిది మొదటిసారి వచ్చినవి: హైతీ, ఐర్లండ్, మొరాకో, పనామా, ఫిలిప్పీన్స్, పోర్చుగల్, వియత్నాం, జాంబియా. ఇవేవీ సంఖ్య నింపడానికి వచ్చిన జట్లు కావు. సరీనా బోల్డెన్ తలతో కొట్టిన గోల్‌తో ఫిలిప్పీన్స్ ఆతిథ్య న్యూజిలాండ్‌ను ఓడించింది. మొరాకో నాకౌట్‌కు వెళ్ళింది, అదే గ్రూపులోని జర్మనీ ఇంటికి వెళ్ళింది. ప్రపంచ కప్ చరిత్రలో మహిళల వెయ్యో గోల్ కొట్టింది జాంబియా కెప్టెన్ బార్బ్రా బండా. మ్యాచ్ మొదలయ్యాక వాళ్ళ గురించి వెతుక్కునే కామెంటేటర్‌కు ఇవన్నీ వింతగానే కనిపిస్తాయి. ఒక దేశం మొత్తం నిద్ర మానుకుని చూస్తున్న మ్యాచ్‌లో, ఆ దేశపు అమ్మాయి పేరు తప్పుగా పలికితే ఆ ఇంట్లోవాళ్ళకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పేరు ఎలా పలకాలో జట్టు మేనేజరును ఒక్క మాట అడిగితే చెబుతారు.

2. ఒకరి తప్పును ఆడజాతి మొత్తానికి అంటగట్టకండి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే. మా అమ్మాయికి పదకొండేళ్ళు, వాళ్ళ జట్టులో గోల్‌కీపర్. ఒక మ్యాచ్‌లో గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారి గోల్ పడింది. స్టూడియోలో ఒకాయన నవ్వి, "మహిళల ఫుట్‌బాల్‌లో గోల్‌కీపింగ్ ఎప్పుడూ సమస్యే కదా" అన్నారు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. మర్నాడు ప్రాక్టీసులో, ఇక గోల్‌లో నిలబడనని కోచ్‌తో చెప్పేసింది. ఆమెను మళ్ళీ ఒప్పించడానికి ఆ కోచ్‌కు నెల పట్టింది. ఆ నెలంతా ఇంట్లో మేం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

పురుషుల మ్యాచ్‌లోనూ గోల్‌కీపర్ల చేతుల్లోంచి బంతి జారుతుంది. అప్పుడు మీరు ఆ ఒక్క గోల్‌కీపర్ పేరే చెబుతారు. అతని పాదాలు ఎక్కడున్నాయి, ముందు ఎవరు అడ్డొచ్చారు, బంతి ఎలా తిరిగింది అని విడమరచి చూపిస్తారు. అది సరైన పద్ధతి. అదే పద్ధతి ఇక్కడా పాటించమంటున్నాను. విమర్శించవద్దని నేననడం లేదు. తప్పు చేసిన ఆటగత్తెను పేరు పెట్టి విమర్శించండి. తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తే మా అమ్మాయి కూడా అందులోంచి నేర్చుకుంటుంది. "ఆడవాళ్ళు కదా" అన్న మాటలోంచి మాత్రం నేర్చుకోవడానికేం లేదు.

గోల్‌కీపర్ల గురించే చెప్పాలంటే, పైన చెప్పిన అమెరికా మ్యాచ్‌లో 120 నిమిషాలు గోల్ పడకుండా కాపాడింది స్వీడన్ గోల్‌కీపర్ జెచిరా ముషోవిచ్. ఆమె ఆపిన షాట్లు 11. అదే టోర్నమెంటు ఫైనల్లో స్పెయిన్ ఆటగత్తె జెన్నిఫర్ హెర్మోసో పెనాల్టీని ఇంగ్లండ్ గోల్‌కీపర్ మేరీ అర్ప్స్ ఆపి పట్టుకుంది. టోర్నమెంటులో ఉత్తమ గోల్‌కీపర్‌గా నిలిచిన అర్ప్స్ జెర్సీ కొనుక్కుందామంటే అప్పటికి అమ్మకానికే లేదు. వేలమంది అభిమానులు సంతకాలు చేసి అడగాల్సి వచ్చింది. గోల్‌కీపర్లను చులకన చేసే మాట స్టూడియోలో పుడితే, ఆ జెర్సీని ఎవరు కొంటారులే అన్న లెక్క దుకాణం దాకా వెళ్తుంది.

పురుషుల ఆటతో పోల్చి లోపాలు ఎంచేవారు చరిత్ర కూడా చెప్పాలి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో 'డిక్, కెర్ లేడీస్' అనే మహిళల జట్టు ఆట చూడటానికి దాదాపు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరులోనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తమ క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళు ఆడకూడదని నిషేధించింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు ఉంది. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా అదే పరిస్థితి. వచ్చే ప్రపంచ కప్ జరిగే బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా చట్టమే అడ్డుపడింది. పురుషులకు 1930 నుంచి ప్రపంచ కప్ ఉంటే, మహిళలకు మొదటిది 1991లో చైనాలో జరిగింది. అందులోనూ మ్యాచ్‌లను 80 నిమిషాలకే కుదించారు. మైదానం లేక, కోచ్ లేక పోయిన ఆ దశాబ్దాల గురించి ఒక్క మాటైనా అనకుండా, ఈనాటి పాస్ ఒకటి తప్పిపోగానే తీర్పు చెప్పేయడం న్యాయం కాదు.

3. రికార్డులు సగం చెప్పకండి.

క్రిస్టియానో రొనాల్డో 2022 నవంబరులో ఘనా మీద గోల్ కొట్టి, ఐదు ప్రపంచ కప్పుల్లో గోల్ చేసిన మొదటి పురుషుడయ్యాడు. అంతకు మూడేళ్ళ ముందే, 2019 జూన్‌లో, బ్రెజిల్ ఆటగత్తె మార్తా ఆ ఘనత సాధించింది. వారం తిరిగేసరికి కెనడాకు చెందిన క్రిస్టీన్ సింక్లెయిర్ కూడా సాధించింది. అదే నెలలో ఇటలీ మీద మార్తా కొట్టింది ప్రపంచ కప్పుల్లో ఆమెకు 17వ గోల్. అప్పటికి పురుషుల్లో అత్యధికం జర్మనీకి చెందిన మిరోస్లావ్ క్లోజేవి, 16. సింక్లెయిర్ తన దేశానికి కొట్టిన గోల్స్ 190. ఇవి మీ గ్రాఫిక్స్‌లో కనిపించాలి. "ప్రపంచంలోనే అత్యధికం" అని తెర మీద వేసి, కింద పురుషుల పేర్లు మాత్రమే రాస్తే అది తప్పుడు సమాచారం. తప్పుడు సమాచారం చూసిన పిల్లలు బడికి వెళ్ళి అదే చెబుతారు.

మార్తాను "స్కర్టు వేసుకున్న పెలే" అనడం, ఎవరు బాగా డ్రిబుల్ చేసినా "ఆడ మెస్సీ" అనడం కూడా ఆపండి. పొగడ్తగానే అంటున్నారని తెలుసు. కానీ ఎవరి ఆటకు వాళ్ళ పేరు ఉండాలి.

4. ఆట చూపించే సమయంలో ఆటే చూపించండి.

2018 డిసెంబరులో ఏటా ఉత్తమ ఫుట్‌బాలర్‌కు ఇచ్చే బాలన్ డోర్ అవార్డును మహిళలకు మొదటిసారి ఇచ్చినప్పుడు, గెలిచిన ఆడా హెగెర్బర్గ్‌ను వేదిక మీదే నడుము ఊపుతూ డాన్స్ చేస్తారా అని అడిగారు. అడిగినాయన తర్వాత క్షమాపణ చెప్పారు. ఆ సంగతి అప్పుడు అందరూ ఖండించారు, మీలో చాలామంది కూడా. కానీ కార్నర్ కిక్ వేస్తుండగా ఆటగత్తె పెళ్ళి కబుర్లు, ఆమె ప్రేమించిన మనిషి కబుర్లు, జుట్టుకు వేసిన రంగు గురించి ముచ్చట్లు ఇంకా వినిపిస్తున్నాయి. కెమెరా గ్యాలరీలోని భర్త మీదికి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇక్కడ ఫౌల్ జరిగిపోయి ఉంటుంది.

ఆటగత్తె తల్లి అయితే ఆ మాట చెప్పకూడదనడం లేదు. ప్రసవం తర్వాత ఎన్ని నెలలకు మైదానంలోకి వచ్చింది, శిక్షణలో ఏం మార్చుకుంది, క్లబ్బు ఆమెకు ఏ సదుపాయం ఇచ్చింది అన్నవి చెప్పండి. ఆడుకుంటూ పిల్లలను కనాలనుకునే ఎందరో అమ్మాయిలకు అవి నిజంగా పనికొచ్చే సంగతులు.

2019లో థాయ్‌లాండ్ మీద అమెరికా 13–0తో గెలిచినప్పుడు కూడా ఇలాగే జరిగింది. అమెరికా వాళ్ళు అంత సంబరం చేసుకోవడం మర్యాదేనా అని రోజుల తరబడి చర్చలు పెట్టారు. గ్రూపులో గోల్స్ తేడా లెక్కకొస్తుందని, అందుకే జట్లు ఆగకుండా కొడతాయని చెప్పినవాళ్ళు తక్కువ. అయిదు రోజుల తర్వాత థాయ్‌లాండ్ స్వీడన్ చేతిలో 5–1తో ఓడింది. ఆ ఒక్క గోల్ కంచనా సుంగ్‌గోయెన్ చివరి నిమిషాల్లో కొట్టింది. బెంచీ మీద ఉన్న మేనేజర్ ఏడ్చేసింది. మా ఇంట్లో మేమూ ఏడ్చాం. ఆ జట్టు ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా తయారైంది అన్న కథ వినాలని ఎదురుచూశాం. మాకు వినపడలేదు.

5. మోకాలు పట్టుకుని పడిపోయిన అమ్మాయిని అయిదుసార్లు చూపించకండి.

మోకాలి లిగమెంట్ తెగే గాయం, ఏసీఎల్ అంటారే, మహిళా ఫుట్‌బాలర్లకు పురుషులకంటే ఎక్కువగా జరుగుతోంది. బెత్ మీడ్, లియా విలియమ్సన్, వివియాన్ మిడెమా, కటరీనా మకారియో, డెల్ఫీన్ కస్కరినో ఈ గాయం వల్లే 2023 ప్రపంచ కప్‌కు రాలేకపోయారు. అలాంటి క్షణంలో తెర మీద ఆమె నొప్పితో అరిచే ముఖాన్ని స్లోమోషన్‌లో పదేపదే చూపించి, "ఆడవాళ్ళ శరీరం అలాంటిది" అని ఒక్క మాటతో ముగిస్తున్నారు. కారణాలు ఒక్కటి కాదు. మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి, మైదానం, శిక్షణ, పురుషుల పాదాల కొలతలకు తయారైన బూట్లు, వీటన్నిటి మీదా పరిశోధన నడుస్తోంది. 2015లో కెనడాలో ప్రపంచ కప్ మొత్తం కృత్రిమ గడ్డి మీద జరిపితే ఆటగత్తెలు ముందే న్యాయపోరాటానికి దిగారన్నది గుర్తుచేయండి. "ఆడవాళ్ళ శరీరం అలాంటిది" అన్న ఒక్క వాక్యం విని కూతురిని ఆట మాన్పించే తల్లిదండ్రులున్నారు. వాళ్ళకు కావాల్సింది వార్మప్ ఎలా చేయించాలి, ఎప్పుడు డాక్టరును కలవాలి అన్నది. హాఫ్‌టైమ్‌లో రెండు నిమిషాలు ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టండి చాలు.

6. వేళ, ధర.

ఇది కామెంటేటర్ల చేతిలో లేదు, అధిపతుల చేతిలో ఉంది. 2019 జూలై 7న మహిళల ప్రపంచ కప్ ఫైనల్ జరిగిన రోజే పురుషుల టోర్నమెంట్లయిన కోపా అమెరికా ఫైనల్, గోల్డ్ కప్ ఫైనల్ కూడా పెట్టారు. వాటి తేదీలు ఖరారు చేసింది సంఘాలే అయినా, ఏ ఆటకు ఎంతసేపు స్టూడియో ఇవ్వాలో నిర్ణయించింది మీరే. 2023లో యూరప్‌లోని పెద్ద దేశాల ప్రసారకులు ఇచ్చిన ధర చాలా తక్కువని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫీఫా అధ్యక్షుడు జియాని ఇన్ఫాంటినో బహిరంగంగా చెప్పారు. ఆయన లెక్క ప్రకారం పురుషుల కప్‌కు 10 నుంచి 20 కోట్ల డాలర్లు ఇచ్చినవాళ్ళు, మహిళల కప్‌కు 10 లక్షల నుంచి కోటి డాలర్లు ఇస్తామన్నారు. ఒప్పందం జూన్ 14న కుదిరింది. కప్ జూలై 20న మొదలైంది. ఆ 36 రోజుల్లో ప్రచారం ఎప్పుడు చేస్తారు, కామెంటేటర్ ఎప్పుడు తయారవుతాడు? పేర్లు తప్పుపోవడానికి ఇదీ ఒక కారణమని నాకు తెలుసు. అందుకే తప్పంతా మైకు ముందున్న మనిషి మీద వేయడం లేదు.

చూసేవాళ్ళు లేరన్న మాట ఇక చెల్లదు. ఆ కప్ మ్యాచ్‌లకు మైదానాలకు వచ్చినవాళ్ళు 19,78,274 మంది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ సెమీఫైనల్‌ను ఒక్క ఆస్ట్రేలియాలోనే సగటున 71 లక్షల మందికి పైగా టీవీలో చూశారు. అయినా కప్ ముగియగానే ఈ ఆట మీ వార్తల్లోంచి మాయమవుతోంది. అమెరికాలో క్రీడావార్తల ప్రసారాన్ని 30 ఏళ్ళపాటు గమనించిన పరిశోధకులు, 2019లో మహిళల క్రీడలకు దక్కిన సమయం 5.4 శాతమేనని, ప్రపంచ కప్ వార్తలు తీసేస్తే అది 3.5 శాతమని తేల్చారు. మిగతా మూడేళ్ళూ ఆ ఆటగత్తెలు జీతాలకు, మైదానాలకు, స్పాన్సర్లకు తిప్పలు పడుతున్నది మీరు చూపించకపోతే ఎవరికి తెలుస్తుంది? 2023లో జమైకా ఆటగత్తె ఒకరి తల్లి జట్టు ఖర్చుల కోసం విరాళాలు సేకరించింది. అదే జట్టు గ్రూపు దశలో ఫ్రాన్స్‌కూ బ్రెజిల్‌కూ ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ముందుకెళ్ళింది.

7. మీ పేజీల్లో బూతులు.

2025 యూరో జరుగుతుండగా ఇంగ్లండ్ డిఫెండర్ జెస్ కార్టర్ జాతి వివక్ష తిట్లు భరించలేక సోషల్ మీడియాకు దూరమైంది. మీరు పెట్టే క్లిప్పుల కిందా ఇలాంటివి రాస్తున్నారు. వాటిని మా పిల్లలు చదువుతున్నారు. తీసేయడానికి మనుషులను పెట్టండి.

ఇప్పుడు మేము అడుగుతున్నవి. 2027 కప్‌కు కామెంటేటర్లను కనీసం ఆరు నెలల ముందే ఖరారు చేసి, అన్ని జట్ల ఆట చూసే సమయం వాళ్ళకు ఇవ్వండి. ఈ ఆటను ఏడాది పొడవునా చూసేవాళ్ళనే తీసుకోండి, మగవారైనా ఆడవారైనా. మాజీ ఆటగత్తెను విశ్లేషకురాలిగా పిలిచాక ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగండి. చూపు లేనివాళ్ళ కోసం బంతి కదలికను వివరించే ప్రత్యేక ఆడియో ప్రతి మ్యాచ్‌కూ ఇవ్వండి, ఫైనల్‌కు మాత్రమే కాదు. గాయాల రీప్లేల మీద రాసిన నియమం పెట్టుకుని అందరికీ తెలియజేయండి. కప్ తర్వాత వారానికి ఒక అరగంటైనా లీగ్ మ్యాచ్‌లకు కేటాయించండి. ప్రేక్షకుల ఫిర్యాదు చదివి, పేరుతో జవాబిచ్చే ఒక మనిషిని నియమించండి.

ఈ లేఖ అందిన నెల రోజుల్లో, వీటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో బహిరంగంగా చెప్పమని కోరుతున్నాను. మీ జవాబును అమ్మకు నేను చదివి వినిపిస్తాను. మా అమ్మాయి మళ్ళీ గోల్‌లో నిలబడుతోంది, ఆమే చదువుకుంటుంది.

ఇట్లు,
ఒక ప్రేక్షకురాలు